గుర్రు నార్మల్ కాదు

పాటకూ పాటకూ మధ్య యాంప్లిఫయర్ ఏం చేస్తుందో చూస్తే దాని పనితనం తెలిసిపోతుంది. మంచిదైతే నోరు మూసుకుని ఉంటుంది. కాకపోతే ఏదో ఒకటి పలుకుతూనే ఉంటుంది. ఆ పలుకులన్నీ ఒక రకం కావు. అడుగున మందంగా సాగే గుర్రు ఒకటి, ఆ గుర్రుకే పళ్ళు మొలిచినట్టుండే బర్రు మరొకటి. ట్వీటర్ దగ్గర చెవి పెడితే సుయ్‌మనే శబ్దం వేరు, వాల్యూమ్ తిప్పినప్పుడు వచ్చే గరగర వేరు. ఫ్రిజ్ ఆన్ అయినప్పుడు టప్పుమంటుంది, పాత 2జీ ఫోన్ మోగబోయే ముందు టిడిక్ టిడిక్ అంటుంది. మొదటి రెంటినీ కలిపి మెకానిక్కులు హమ్మింగ్ అంటారు. ప్రతి శబ్దానికీ ఒక పుట్టుచోటు ఉంది. శబ్దం తీరునుబట్టి ఆ చోటు చాలావరకు చెప్పేయొచ్చు.

కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే మాత్రం అన్నింటికీ ఒకటే జవాబు. "అది నార్మలే సార్, అన్ని పీసుల్లోనూ అంతే. ఒకసారి మీ ఇంట్లో ఎర్తింగ్ చెక్ చేయించుకోండి." ఈ రెండు వాక్యాలనూ ఒకే ఊపిరిలో చెబుతారు గానీ ఒకదానితో ఒకటి పొసగదు. అన్ని పీసుల్లోనూ ఉండే శబ్దమైతే ఇంటి ఎర్తింగ్‌తో పనేముంది? ఎర్తింగ్ వల్ల వచ్చేదైతే అన్ని పీసుల్లోనూ ఎందుకుంటుంది? అయినా ఈ జవాబు పాతుకుపోయింది. దాన్ని కంపెనీ మాత్రమే కాదు, షాపువాళ్ళూ వీధి చివరి మెకానిక్కూ అంటున్నారు. చివరికి డబ్బు పెట్టి కొన్న మనిషి కూడా "కరెంటు వస్తువన్నాక కాస్త మూలగదా" అని సర్దుకుపోతున్నాడు.

ఈ వాదానికి బలమైన రూపం ఒకటుంది. దాన్ని పక్కన పెట్టి బలహీనమైన రూపాన్ని కొట్టిపారేయడం న్యాయం కాదు. ఆ వాదం ఇది: ఎలక్ట్రానిక్ పరికరం ఏదైనా శబ్దం లేకుండా ఉండదు, అది భౌతికశాస్త్ర నియమం. 1928లో బెల్ ల్యాబ్స్‌లో జాన్సన్ దాన్ని కొలిచాడు, నైక్విస్ట్ దాని లెక్క చెప్పాడు. ఏ రెసిస్టర్‌లోనైనా వేడికి ఎలక్ట్రాన్లు అటూఇటూ కదులుతూనే ఉంటాయి, ఆ కదలికే సుయ్‌మని వినిపిస్తుంది. దాన్ని పూర్తిగా పోగొట్టడం ఎవరి తరమూ కాదు.

నిజమే. అయితే ఎంత? సాధారణంగా వాడే 50 కిలోఓంల వాల్యూమ్ కంట్రోల్‌ను తీసుకుంటే, దానికి అన్నిటికన్నా చెడ్డ స్థానంలో, వినపడే మేర మొత్తంలో ఆ శబ్దం సుమారు 2 మైక్రోవోల్టులు. తర్వాతి భాగం దాన్ని 30 రెట్లు పెంచితే స్పీకర్ దగ్గర 60 మైక్రోవోల్టులవుతుంది. మామూలు స్పీకర్‌కు మీటరు దూరంలో కూర్చున్న మనిషికి ఇది వినపడదు. అదే స్పీకర్ దగ్గర 6 మిల్లీవోల్టుల గుర్రు ఉందనుకుంటే అది ప్రకృతి నియమం కోరినదానికి నూరు రెట్లు. రాత్రిపూట నిశ్శబ్దమైన గదిలో స్పష్టంగా వినపడుతుంది. ప్రకృతి పేరు చెప్పి తప్పించుకోవడానికి కంపెనీకి ఒక వంతే హక్కుంది. మిగతా 99 వంతులకు జవాబు ఇంకెక్కడో ఉంది.

పైగా జాన్సన్ చెప్పిన శబ్దానికి స్థాయి ఉండదు, అన్ని స్థాయిలూ కలిపి పోసినట్టుంటుంది. గుర్రుకు శ్రుతి ఉంది. భారతదేశంలో కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. ఆ ఊపు నేరుగా ఆడియో మార్గంలోకి చొరబడితే 50 హెర్ట్జ్ గుర్రు వస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ అయస్కాంత క్షేత్రం పక్కనున్న వైర్లకు తగిలినా, ఎర్త్ దారులు రెండై చుట్టు తిరిగినా వచ్చేది ఇదే. ట్రాన్స్‌ఫార్మర్ తర్వాత రెక్టిఫయర్ ఆ ఊపులో కింది సగాన్ని పైకి తిప్పుతుంది కాబట్టి అక్కడ 50 కాస్తా 100 అవుతుంది. ఆ ఎగుడుదిగుళ్ళను చదును చేయాల్సిన ఫిల్టర్ కండెన్సర్ నీరసిస్తే 100 హెర్ట్జ్ గుర్రు బయటికొస్తుంది. రెంటికీ మధ్య తేడా సరిగ్గా ఒక స్థాయి. సంగీతం నేర్చుకున్న చెవికి ఇది ఇట్టే పట్టుబడుతుంది, తంబురా శ్రుతి చేసే పిల్లలు కూడా చెప్పగలరు. చెవి మీద నమ్మకం లేకపోతే ఫోన్‌లో ఉచితంగా దొరికే స్పెక్ట్రమ్ యాప్ తెరిచి స్పీకర్ ముందు పెడితే చాలు. శిఖరం 100 దగ్గర లేస్తే అనుమానం మొదట యాంప్లిఫయర్ పవర్ సప్లై మీదికే పోవాలి. అంటే ఎవరి ఇంటి గోడల్లోకో కాదు, కంపెనీ తయారుచేసిన డబ్బాలోకి.

శబ్దం ఎక్కడిదో తేల్చడానికి మూత విప్పనక్కర్లేదు, అరగంట చాలు. మొదట వాల్యూమ్ సున్నాకు తేవాలి. గుర్రు మారకుండా అలాగే ఉంటే అది వాల్యూమ్ కంట్రోల్ తర్వాత పుడుతోంది. అంటే పవర్ సప్లైలోనో ఔట్‌పుట్ భాగంలోనో. వాల్యూమ్‌తోపాటు పెరిగితే దానికి ముందు పుడుతోంది. అంటే ఇన్‌పుట్‌లో, వైర్లో, లేదా అవతలి పరికరంలో. తర్వాత స్పీకర్లు తప్ప వెనకున్న వైర్లన్నీ పీకేయాలి. అప్పుడూ గుర్రు ఉంటే యాంప్లిఫయర్ ఒక్కటే మిగిలింది, ఇక నేరం మోపడానికి వేరే పరికరం లేదు. పోతే వైర్లను ఒక్కొక్కటిగా తిరిగి పెడుతూ ఏది పెట్టగానే వచ్చిందో చూడాలి. ఖాళీ ఇన్‌పుట్ సాకెట్ గాలిలోంచి గుర్రు లాక్కుంటోందనే అనుమానం ఉంటే, ఒక ఆర్‌సీఏ జాకులో మధ్య పిన్నునూ బయటి రింగునూ కలిపి సోల్డర్ చేసి ఇన్‌పుట్‌లో గుచ్చాలి. రెండు టీల ఖర్చుకు అది తయారవుతుంది. దాన్ని స్పీకర్ టెర్మినళ్ళ జోలికి మాత్రం తీసుకుపోకూడదు. చివరగా యాంప్లిఫయర్‌ను ఇంకో ఇంట్లో, వేరే ట్రాన్స్‌ఫార్మర్ లైన్ మీద పెట్టి వినాలి.

వీటన్నిటికన్నా సులువైన పరీక్ష ఇంకొకటుంది, కస్టమర్ కేర్ జవాబును అది మొదటి దెబ్బకే పడగొడుతుంది. గుర్రు రెండు స్పీకర్లలోనూ సమానంగా ఉందా, ఒక్కదాంట్లోనేనా? స్పీకర్ వైర్లను ఎడమకు కుడి, కుడికి ఎడమగా మార్చినా అదే చానెల్ గుర్రుమంటే లోపం ఆ చానెల్‌లోనే. ఇంటి ఎర్తింగ్‌కు కుడి ఎడమలు తెలియవు.

ఇప్పుడు ఎర్తింగ్ సంగతి. ఈ జవాబు విన్నవాళ్ళలో చాలామంది వెళ్ళి ఎర్త్ గుంటలో బకెట్ నీళ్ళు పోసి వస్తారు. కొందరు కొత్త గుంట తవ్వించి ఉప్పూ బొగ్గూ వేయిస్తారు. ఇంటికి అది మంచిదే, షాక్ కొట్టకుండా కాపాడుతుంది. గుర్రు మాత్రం అలాగే ఉంటుంది. ఎర్త్ గుంట కరెంటు మురికిని పారబోసే మురుగ్గుంట కాదు. భూమితో ఏ సంబంధమూ లేకుండా బ్యాటరీ మీద నడిచే రేడియో నిశ్శబ్దంగా పాడుతుంది. ఆకాశంలో ఎగిరే విమానంలోనూ హెడ్‌ఫోన్లు గుర్రుమనవు. ఎర్త్ ఉన్నది ప్రాణం కోసం. లోపల ఫేజ్ వైరు ఊడి డబ్బా రేకుకు తగిలితే ఆ కరెంటు ఎర్త్ దారిన ఒక్కసారిగా పారి ఎంసీబీ పడిపోవాలి, మనిషికి తగలకూడదు. దాని పని అంతవరకే.

నిజానికి గుర్రు చాలాసార్లు ఎర్త్ లేకపోవడం వల్ల రాదు, రెండు చోట్ల ఉండటం వల్ల వస్తుంది. ఒక హాలును ఊహించుకుంటే తెలుస్తుంది. యాంప్లిఫయర్ మూడు పిన్నుల ప్లగ్గుతో గోడకు ఉంది, దాని రేకు ఇంటి ఎర్త్‌కు కలిసింది. కేబుల్ టీవీ సెట్‌టాప్ బాక్స్ నుంచి ఎర్రా తెల్లా ఆడియో వైర్లు యాంప్లిఫయర్‌లోకి వచ్చాయి. సెట్‌టాప్ బాక్స్‌కు వెనక కేబుల్ ఆపరేటర్ వైరు బిగించి ఉంది. ఆ వైరు కిటికీలోంచి బయటికి పోయి, స్తంభాల మీదుగా వీధి దాటి, ఎక్కడో ఆపరేటర్ పెట్టెలో ఇంకో ఎర్త్‌కు తగులుతుంది. రెండు ఎర్త్‌ల మధ్య కొద్దిపాటి వోల్టేజీ తేడా ఎప్పుడూ ఉంటుంది. దానివల్ల ఆడియో వైరు షీల్డు (లోపలి తీగ చుట్టూ ఉండే లోహపు అల్లిక) గుండా చిన్న కరెంటు పారుతుంది. షీల్డు రెసిస్టెన్స్ 0.1 ఓం, కరెంటు 20 మిల్లీఆంపియర్లు అనుకుంటే అక్కడ 2 మిల్లీవోల్టుల 50 హెర్ట్జ్ పుట్టి పాటతో కలిసి లోపలికి పోతుంది. 2 వోల్టుల సిగ్నల్ పక్కన అది వెయ్యో వంతే, కానీ పాట ఆగినప్పుడు ఆ వెయ్యో వంతే గదిలో మిగులుతుంది. పరీక్ష చాలా చిన్నది. సెట్‌టాప్ బాక్స్ వెనకున్న కేబుల్ కనెక్టర్‌ను వేళ్ళతో నాలుగు చుట్లు తిప్పి లాగేయాలి. టీవీలో బొమ్మ పోతుంది, ఆ క్షణంలోనే గుర్రూ పోతుంది. దోషి దొరికాడు. కేబుల్ దారిలో ఒక ఐసోలేటర్ పెట్టినా, టీవీ నుంచి యాంప్లిఫయర్‌కు రాగి వైరు బదులు ఆప్టికల్ వైరు వేసినా సమస్య తీరిపోతుంది. వెలుగు గుండా ఎర్త్ కరెంటు పారదు.

ఇక్కడ కంపెనీ మనిషి "చూశారా, మీ ఇంటి తప్పే" అనవచ్చు. ఈ ఖండనకు అసలు కారణం ఈ మాటే. రెండు ఎర్త్‌లు ఉండటం తప్పు కాదు, కేబుల్ టీవీ ఉన్న ఇళ్ళలో మామూలుగా ఉండేదే. షీల్డులో పారే ఆ కాస్త కరెంటు పాటలో కలవకుండా ఆపే పద్ధతి ఇంజినీర్లకు ఎప్పుడో తెలుసు. నీల్ మన్సీ అనే ఆడియో ఇంజినీరు 1995లో అమెరికాలోని ఆడియో ఇంజినీరింగ్ సొసైటీ జర్నల్‌లో దీని గుట్టు విప్పాడు. చాలా పరికరాల్లో వైరు షీల్డును డబ్బా రేకుకు కలపకుండా నేరుగా లోపలి బోర్డు మీది సిగ్నల్ గ్రౌండ్‌కు కలుపుతున్నారు. అందుకే బయటి చెత్త కరెంటు పాట నడిచే దారిలోనే పారి గుర్రుగా మారుతోందని చూపాడు. ప్రొఫెషనల్ పరికరాల్లో దీన్ని 'పిన్ 1 సమస్య' అంటారు. షీల్డు లోపలికి రాగానే రేకుకు కట్టేయాలని చెప్పే ప్రమాణం, ఏఈఎస్48, 2005లో వచ్చింది. పరీక్ష కూడా కష్టమైనది కాదు. ఓ చిన్న ట్రాన్స్‌ఫార్మర్‌తో షీల్డు గుండా కొన్ని పదుల మిల్లీఆంపియర్లు పంపి స్పీకర్‌ను వినాలి. గుర్రుమంటే డిజైన్ చెడ్డది. కేబుల్ వైరు తగిలించుకున్న ఇళ్ళలో వాడటానికే ఇంటి యాంప్లిఫయర్‌ను అమ్ముతున్నారు. ఆ ఇళ్ళలో గుర్రుమనే డబ్బా చేసి ఇళ్ళను తప్పుపట్టడం ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది.

ఇల్లు నిజంగా దోషి అయ్యే సందర్భాలు లేకపోలేదు. పాత రకం ఎలక్ట్రానిక్ ఫ్యాన్ రెగ్యులేటర్లు కరెంటు అలను ముక్కలుగా కోస్తాయి. ఫ్యాను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడే బర్రు వచ్చి ఫుల్ స్పీడుకు పోగానే పోతే అది రెగ్యులేటరే. కండెన్సర్ రకం రెగ్యులేటర్ బిగిస్తే తీరుతుంది. కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకున్నప్పుడు మాత్రమే బర్రుమంటే, అది చవక స్క్వేర్‌వేవ్ ఇన్వర్టర్ మీద నడుస్తోందన్నమాట. ఆ అలలో 150, 250, 350 హెర్ట్జ్‌ల మెట్లు బోలెడుంటాయి, గుర్రుకు పళ్ళు మొలిచేది అక్కడే. వీటిలో కంపెనీ తప్పు ఏమీ లేదు. కానీ "ఫ్యాను స్పీడు మారిస్తే శబ్దం మారుతోందా?" అన్న ప్రశ్న కస్టమర్ కేర్ నోట ఎన్నడూ రాదు. అడిగితే సగం ఫిర్యాదులు ఫోన్‌లోనే తేలిపోతాయి, మిగతా సగం కంపెనీవే అని కూడా తేలిపోతుంది. అడగకపోవడానికి ఈ రెండో సంగతే కారణమని అనుమానించడం మరీ అన్యాయం కాదు.

ఎర్త్ పేరు చెప్పి తప్పించుకోవడంలో ఒక ప్రమాదమూ ఉంది. "ఎర్త్ ప్రాబ్లం" అని కంపెనీ చెప్పాక ఆ మాట మెకానిక్ దగ్గరికి చేరుతుంది. అతను కటింగ్ ప్లయర్ తీసి మూడో పిన్నును కత్తిరిస్తాడు. గుర్రు పోతుంది! రెండు ఎర్త్‌లలో ఒకటి తెగింది కదా. అందరూ సంతోషిస్తారు. ఆ రోజు నుంచి ఆ రేకు డబ్బాకూ మనిషి ప్రాణానికీ మధ్య ట్రాన్స్‌ఫార్మర్ చుట్ల మీది పలచటి పూత తప్ప అడ్డం ఏదీ ఉండదు. పుట్టుకతోనే రెండు పిన్నులతో వచ్చే పరికరాల సంగతి వేరు, వాటిలో రెండు పొరల ఇన్సులేషన్ ఉంటుంది, వెనక గడిలో గడి గుర్తు వేస్తారు. మూడు పిన్నులతో వచ్చినదాన్ని రెండుకు కుదించడం ఎప్పటికీ మరమ్మతు కాదు. సమస్యను తెలియజెప్పాల్సిన కంపెనీ ఒక్క పదంతో సరిపెట్టడం వల్ల ఇది ఊరూరా జరుగుతోంది.

ఇక పెట్టె మీద అచ్చేసే అంకెలు. "సిగ్నల్ టు నాయిస్ రేషియో 100 డీబీ" అని చూసి శబ్దం లక్షో వంతుకు మించదని కొనేవాళ్ళు అనుకుంటారు. ఆ అంకె చివర చిన్న అక్షరాల్లో 'ఎ వెయిటెడ్' అని ఉంటుంది. మనిషి చెవి చిన్న శబ్దాల్లో అడుగు స్థాయిలను తక్కువగా వింటుందని 1933లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు కొలిచి చూపారు. దాని ఆధారంగా వచ్చిన ఎ వెయిటింగ్ అడుగు స్థాయిలకు ముందే తగ్గింపు ఇచ్చేస్తుంది. 100 హెర్ట్జ్‌కు 19 డీబీ, 50 హెర్ట్జ్‌కు 30 డీబీ. అంటే 50 హెర్ట్జ్ గుర్రు మీటరులో దాని అసలు విలువలో 32వ వంతుగానే కనిపిస్తుంది. 8 ఓంల స్పీకర్ మీద 100 వాట్ల యాంప్లిఫయర్ పూర్తి ఔట్‌పుట్ 28 వోల్టులు, దానిలో లక్షో వంతు 0.28 మిల్లీవోల్టు. తగ్గింపు లెక్క వేస్తే 9 మిల్లీవోల్టుల 50 హెర్ట్జ్ గుర్రు ఉన్న యాంప్లిఫయర్ కూడా పెట్టె మీద నిక్షేపంగా 100 డీబీ అని రాసుకోవచ్చు. 100 హెర్ట్జ్ అయితే రెండున్నర మిల్లీవోల్టుల దాకా దాచుకోవచ్చు.

చెవికి నిజంగానే అడుగు స్థాయిలు తక్కువ వినపడతాయి కాబట్టి ఈ లెక్కను మోసం అనలేం. కానీ శ్రోతకు అక్కర్లేని సుయ్ శబ్దాన్ని నిజాయితీగా కొలిచి, అతన్ని పీడించే గుర్రును దుప్పటి కింద దాచే కొలత ఇది. రెండో కిటుకు ఇంకా తమాషాగా ఉంటుంది. శబ్దాన్ని 100 వాట్ల పూర్తి ఔట్‌పుట్‌తో పోల్చి చెబుతారు. ఇంట్లో రాత్రిపూట ఎవరూ 100 వాట్లలో పాట పెట్టరు, ఒక్క వాట్ చాలు. ఆ లెక్కన 100 కాస్తా 80 అవుతుంది. 1 వాట్ దగ్గరే కొలవాలని అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హై ఫిడెలిటీ 1978లోనే ప్రమాణం పెట్టింది. ఆ అంకెను ముందుకు తెచ్చే అమ్మకందారు అరుదు.

కొత్తవి సరే, నాలుగైదేళ్ళు నడిచాక మొదలయ్యే గుర్రును "పాతబడింది సార్" అని తోసేస్తారు. పాతబడటం అంటే ఏమిటో చెప్పరు. డబ్బా మొత్తం పాతబడదు, ఒక్క ఫిల్టర్ కండెన్సర్ పాతబడుతుంది. దాని లోపలి ద్రవం వేడికి మెల్లగా ఆరిపోతుంది. 10 డిగ్రీల వేడి పెరిగితే ఆయుష్షు సగమవుతుందన్నది ఈ రంగంలో అందరూ వాడే లెక్క. 105 డిగ్రీల దగ్గర 2000 గంటలని రాసి ఉన్న కండెన్సర్ 65 దగ్గర 32,000 గంటలు, 75 దగ్గర 16,000 గంటలు మన్నాలి. కొన్ని యాంప్లిఫయర్ల మాన్యువళ్ళలో గది వేడి 35 డిగ్రీల లోపు ఉండాలని రాస్తారు. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో ఏసీ లేని గది 35 దగ్గర ఆగుతుందా? టీవీ కింది అరలో, పైన సెట్‌టాప్ బాక్స్ కూర్చున్న యాంప్లిఫయర్ లోపల అంతకన్నా ఎంతో ఎక్కువ వేడి. దానికి తోడు హీట్‌సింక్‌కు ఆనుకునేలా కండెన్సర్‌ను బిగించిన డిజైన్లు కూడా ఉన్నాయి. ఈ దేశపు ఎండ తెలిసే ఇక్కడ అమ్మారు కదా. 10,000 మైక్రోఫారడ్ల కండెన్సర్ 1 ఆంపియర్ భారం మీద సుమారు 1 వోల్టు ఎగుడుదిగుడును మిగులుస్తుంది, అది సగానికి ఎండిపోతే 2 వోల్టులు. 100 హెర్ట్జ్ గుర్రు అలా మొదలవుతుంది. మెకానిక్ మూత తెరిచినప్పుడు కండెన్సర్ నెత్తిన ఉబ్బు కనిపిస్తే ఇంకేమీ కొలవనక్కర్లేదు.

అమెరికా నుంచి తిరిగొచ్చే తెలుగువాళ్ళ సామాన్లలో తరచు ఒక యాంప్లిఫయర్ ఉంటుంది. అక్కడ 120 వోల్టులు, 60 హెర్ట్జ్. ఇక్కడ స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి వోల్టేజీ సరిచేస్తారు గానీ 50ని 60గా మార్చలేరు. అదే వోల్టేజీకి ట్రాన్స్‌ఫార్మర్ గుండె మీద అయస్కాంత భారం 20 శాతం పెరుగుతుంది, అంచుకు లెక్కేసి చేసినదైతే స్పీకర్లు పీకేసినా డబ్బాయే గుర్రుమంటుంది. ఈ సందర్భంలోనూ కంపెనీ ఏ పాపమూ ఎరగదు. "మా రీజియన్ కాదు" అన్న జవాబులో కూడా కొంత న్యాయం ఉంది.

గుర్రుకు మందుగా వేల రూపాయల పవర్ కార్డులూ ఆక్సిజన్ లేని రాగి వైర్లూ అమ్మే వ్యాపారం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ఇంటి మీటరు నుంచి గోడ దాకా పదుల మీటర్ల మామూలు వైరులో వచ్చిన కరెంటును చివరి మీటరున్నర బంగారు పిన్నుల వైరు శుద్ధి చేయదు. షీల్డు తెగిన వైరును మార్చితే గుర్రు పోతుంది, కానీ అప్పుడు పని చేసింది కొత్త షీల్డు, ధర కాదు.

ఇప్పుడు సర్వీస్ సెంటర్. అక్కడి టెక్నీషియన్‌ను తిట్టి ప్రయోజనం లేదు. ఏసీ హోరులో, పక్క బల్ల మీద మోగుతున్న టీవీల మధ్య అతను యాంప్లిఫయర్‌కు పాట పెట్టి వింటాడు. పాట వస్తోంది. గుర్రు వినపడదు, ఆ గదిలో కాకి అరిచినా వినపడదు. జాబ్ షీట్ మీద 'నో ఫాల్ట్ ఫౌండ్' అని రాస్తాడు. స్పీకర్ టెర్మినళ్ళ దగ్గర మిల్లీవోల్టులు కొలిచే గడి ఆ షీట్ మీద ఉండదు. కొలవమని పైవాళ్ళు చెప్పలేదు, కొలిస్తే ఎంత దాటితే లోపమో కూడా చెప్పలేదు. తర్వాత కస్టమర్ ఫోన్‌కు ఓటీపీ వస్తుంది. "ఓటీపీ చెప్పండి సార్, డెలివరీ ఇవ్వాలి." ఆ నాలుగంకెలు చెప్పగానే కంపెనీ కంప్యూటర్‌లో ఫిర్యాదు 'పరిష్కారమైంది' అని మూసుకుంటుంది. గుర్రు ఇంటికి తిరిగొస్తుంది. మళ్ళీ ఫోన్ చేస్తే కొత్త నంబరు, కొత్త మనిషి, అదే ఎర్తింగ్.

దీనికి విరుగుడు ఫిర్యాదు రాసే తీరులోనే ఉంది. "సౌండ్ వస్తోంది, మార్చండి" అని రాస్తే స్క్రిప్ట్ చదివే జవాబే వస్తుంది. ఇలా రాస్తే: "స్పీకర్లు తప్ప అన్ని వైర్లూ తీసేసినా, వాల్యూమ్ సున్నాలో ఉన్నా ఎడమ చానెల్‌లో 100 హెర్ట్జ్ హమ్మింగ్. టెర్మినళ్ళ దగ్గర 8 మిల్లీవోల్టులు, కుడి వైపు 1 కన్నా తక్కువ. వేరే ఇంట్లో, వేరే లైన్ మీద కూడా ఇంతే. వీడియో జతపరిచాం." ఈ నాలుగు వాక్యాల్లో ఎర్తింగ్‌కు చోటు లేదు, వైర్లకు లేదు, ఇంటికి లేదు. కొలవడానికి ఏసీ మిల్లీవోల్టులు చూపే మల్టీమీటరు కావాలి, 200 వోల్టుల గడితో మొదలయ్యే చవక రకం పనికిరాదు. ఇదంతా ఫోన్‌లో కాక ఈమెయిల్‌లో సాగాలి. పెట్టె మీద ఫిర్యాదుల కోసం చిరునామా, ఫోన్, ఈమెయిల్ అచ్చేయాలన్నది 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధన. ఓటీపీ ఇచ్చేముందు జాబ్ షీట్ మీద కస్టమర్ చెప్పిన మాటనూ కొలతనూ రాయించుకోవాలి.

చట్టం ఈ విషయంలో కస్టమర్ కేర్ కన్నా స్పష్టంగా మాట్లాడుతుంది. 2020 జులై 20 నుంచి అమల్లో ఉన్న 2019 వినియోగదారుల రక్షణ చట్టం 'లోపం' అనే మాటకు ఇచ్చిన నిర్వచనంలో, అమ్మేవాడు ఏ రూపంలోనైనా చెప్పుకున్న ప్రమాణానికి వస్తువు తగ్గడం కూడా చేరుతుంది. పెట్టె మీది 100 డీబీ అలా చెప్పుకున్నదే. 'నార్మల్' అనే మాట ఆ నిర్వచనంలో ఎక్కడా లేదు. వారంటీ కాగితం మీద మూత తెరిస్తే వారంటీ పోతుందని రాసినా భయపడనక్కర్లేదు, పైన చెప్పిన పరీక్షల్లో ఒక్కటి కూడా మూత తెరిచేది కాదు. తెరవకపోవడమే మేలు కూడా, ప్లగ్గు పీకాక సైతం కండెన్సర్లలో ప్రమాదకరమైన చార్జ్ మిగిలి ఉంటుంది.

మొదట 1915 నంబరులో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ ఉంది. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. కంపెనీ ఆఫీసు ఏ నగరంలో ఉన్నా, కొన్నవాళ్ళు తాము ఉంటున్న జిల్లాలోనే కేసు వేయొచ్చు. 5 లక్షల రూపాయల లోపు వస్తువుకు ఫీజు లేదు. లోపం బయటపడిన రెండేళ్ళలోపు వేయాలి. వస్తువును ల్యాబ్‌లో పరీక్షించి 45 రోజుల్లో నివేదిక ఇవ్వమని ఆదేశించే అధికారం కమిషన్‌కు ఉంది. "అన్ని పీసుల్లోనూ అంతే" అన్న మాటను ఒక మీటరు ముందు పెట్టి అడిగే చోటు ఇదొక్కటే. అన్ని పీసుల్లోనూ అంతే అని నిరూపణ అయితే కంపెనీకి అది ఇంకా పెద్ద చిక్కు.

వారంటీ దాటినవాటికి దారి వేరు. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో ఫిల్టర్ కండెన్సర్ దొరుకుతుంది. మైక్రోఫారడ్లు పాతదాని అంతే ఉండాలి, వోల్టేజీ అంతే లేదా కాస్త ఎక్కువ, వేడి 105 డిగ్రీలు. ఎత్తూ కాళ్ళ మధ్య దూరమూ ముందే కొలుచుకుని వెళ్ళాలి. తెలిసిన మెకానిక్ దగ్గర గంట పని. వాల్యూమ్ గరగరకు కాంటాక్ట్ క్లీనర్ చాలు, అది వారానికే తిరిగొస్తే మాత్రం ముందున్న కప్లింగ్ కండెన్సర్ కారుతోందని అర్థం. కంపెనీ సర్వీస్ సెంటర్ ఇదే లోపానికి బోర్డు మొత్తం మార్చాలంటుంది, లేదా బోర్డు రావడం ఆగిపోయిందంటుంది. ఒకప్పుడు యాంప్లిఫయర్‌తోపాటే సర్క్యూట్ కాగితం ఇచ్చేవారు, కొన్నిటికి మూత లోపలివైపే అంటించి ఉండేది. ఏ కండెన్సర్ ఏ విలువో, ఏ పాయింటు దగ్గర ఎన్ని వోల్టులుండాలో మెకానిక్ దాని మీద వేలు పెట్టి చదువుకునేవాడు. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో మరమ్మతు హక్కు మీద కమిటీ వేసి, అదే ఏడాది చివర పోర్టల్ తెరిచింది. దానికోసం ఎంచుకున్న రంగాల్లో ఇంటి ఉపకరణాలూ ఉన్నాయి. ఆ పాత సర్క్యూట్ కాగితం ఇప్పటి డబ్బాల్లో ఇంకా కనిపించడం లేదు.